ఈ పాట వామన్‌ది



ఈ వరుసలో ఇప్పటిదాకా మన వాడల పాట గురించే మాట్లాడుకున్నాం. ఈసారి గోదావరి వెంట ఎగువకు, అది పుట్టిన నాసిక్ జిల్లాకు పోదాం. అక్కడ సిన్నర్ తాలూకాలో దేశ్‌వండి అనే ఊరు ఉంది. 1922 ఆగస్టు 15న ఆ ఊరి మహర్ వాడలో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు వామన్ తబాజీ కర్డక్. మహారాష్ట్ర దళితులు ఆయన్ని వామన్‌దాదా అంటారు. దాదా అంటే మన భాషలో అన్న. మనం గద్దరన్న అన్నట్టే.

ఆయన కట్టిన పాటలు వేలల్లో ఉన్నాయి. పది వేలు అని కూడా అభిమానులు చెప్పుకుంటారు. లెక్క ఎంతైనా కానీ, ఆ పాటల్లో ఒక అలవాటు చూడండి. చివరి చరణంలో ఎక్కడో ఒక చోట ‘వామన్’ అనే పేరు వస్తుంది. కబీరు, తుకారాం, మన వేమన కూడా చివర్లో పేరు పెట్టుకున్నవాళ్లే. సాహిత్యం చదువుకున్నవాళ్లు దీన్ని ముద్ర అంటారు, సంప్రదాయం అంటారు. సరే. నాకు మాత్రం అది ఒక కూలివాడు తాను కట్టిన గోడ మీద వేలితో రాసుకున్న పేరులా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ పాట తనది అని చెప్పుకోవడానికి జీవితంలో చాలాకాలం ఆయనకు అంతకు మించి ఏ కాగితమూ లేదు.

ఈ భాగంలో ఆయన పాటల గొప్పదనం గురించి రాయబోవడం లేదు. అది మరాఠీ తెలిసినవాళ్లు నాకంటే బాగా చెబుతారు. నా ప్రశ్న వేరు. ఊరూరా తిరిగి పాడే మనిషి ఏం తిన్నాడు? ఎక్కడ పడుకున్నాడు? ఎవరు ఎంత ఇచ్చారు? ఉద్యమాల చరిత్రలో ఈ లెక్క ఎవరూ రాయరు.

మహర్ల పని ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఊరి సరిహద్దు కాపలా, వచ్చిన అధికారికి దారి చూపడం, చచ్చిన పశువును ఈడ్చడం, ఊరి కబురు, ముఖ్యంగా చావు కబురు, పక్క ఊళ్లకు మోయడం. దీనికి కూలి ఉండదు. కొద్దిపాటి వతన్ భూమి, కల్లం దగ్గర పడేసే బలుతా గింజలు, ఇంటింటా అడుక్కునే రొట్టె ముక్క. మన వెట్టి ఎలాంటిదో ఇదీ అలాంటిదే, పేరే వేరు. ఈ వతన్‌ను మార్చాలని బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. చివరికి చట్టం చేసి తీసేసింది 1958లో. అంటే వామన్‌దాదాకు ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా, ఆయన కులానికి ఊళ్లో పని ఉంది, జీతం లేదు.

అందుకే జనం బొంబాయి పారిపోయారు. తల్లితో కలిసి వామన్ కూడా వెళ్లాడు. శివ్‌డీలోని బీడీడీ చాళ్లలో కాపురం. 1920లలో ప్రభుత్వం కూలీల కోసం కట్టిన ఇళ్లు అవి. ఒక్కో కుటుంబానికి ఒక్క గది, నూట అరవై చదరపు అడుగులు. మరుగుదొడ్లు అందరికీ కలిపి ఉంటాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలసపోయిన మన కామాటీలు, పద్మశాలీలు కూడా ఆ మహానగరంలోని ఇలాంటి గదుల్లోనే బతికారు.

వామన్‌దాదా మిల్లులో పనిచేశాడు, దొరికిన చిల్లర పనులూ చేశాడు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత విభాగంలో కూలి ఎక్కువ. కానీ అందులోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. దారం తెగితే నాడెలోని కొత్త దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగాలి. మహర్ నోటి ఎంగిలి తగిలిన దారాన్ని తోటి కార్మికులే ముట్టేవాళ్లు కాదు. 1928 సమ్మెలో బాబాసాహెబ్ కార్మిక నాయకుల ముందు పెట్టిన ప్రశ్న ఇదే. ఆ ఎంగిలి నోటి నుంచే తర్వాత వేల పాటలు వచ్చాయి.

చదువు సంగతి. యువకుడయ్యేదాకా ఆయనకు అక్షరం రాదు. చాళ్లో ఒకాయన ఊరి నుంచి వచ్చిన ఉత్తరం తెచ్చి, చదివి పెట్టమని అడిగాడట. శుభ్రమైన బట్టల్లో ఉన్న వామన్‌ను చూసి చదువుకున్నవాడే అనుకున్నాడు. రాదు అని చెప్పాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. తెలిసిన ఒక మాస్టారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాడు, తర్వాత వీధుల్లో కొట్ల బోర్డులు చదువుకుంటూ కూడబలుక్కున్నాడు. సమతా సైనిక్ దళ్‌లో పనిచేస్తూ చాళ్ల పిల్లలకు లెజిమ్ నేర్పాడు. 1943లో పరేల్‌లోని నరే పార్కు సభలో బాబాసాహెబ్‌ను మొదటిసారి చూశాడు. మొదటి పాట కట్టిందీ ఆ ఏడాదే, ఒక సినిమా పాట వరస మీద.

సినిమా వరస అనగానే మనలో కొందరికి చిన్నచూపు. అది తప్పు. రాత్రి పూట, మైకు ఉంటే ఉంది లేకపోతే లేదు, ఐదొందల మంది కూలీల ముందు పాడాలి. కొత్త వరస అయితే వాళ్లకు పట్టుబడే లోపు పాట అయిపోతుంది. తెలిసిన వరస అయితే రెండో చరణానికే వాళ్లూ అందుకుంటారు. పొద్దున్నే మిల్లుకు పోతూ పాడుకుంటారు. నేర్పే గురువు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. చదువు రానివాళ్ల మధ్య పాటను అచ్చు వేసే పద్ధతి అది. చదువు ఆలస్యంగా వచ్చిన మనిషికి ఈ సంగతి బాగా తెలుసు.

ఆయన ఖాళీ నేల మీద మొదలుపెట్టలేదు. జోతిబా ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టారు. ఆ తర్వాతి తరాల్లో సత్యశోధక జల్సాలు పుట్టాయి. దానికి ముడిసరుకు తమాషా. తమాషాలో మొదట ‘గణ్’, అంటే గణపతి ప్రార్థన. తర్వాత ‘గవళణ్’, అంటే కృష్ణుడు గొల్లభామలను అడ్డగించి ఆటపట్టించడం. ఆ తర్వాత ‘వగ్’ అనే కథ. జల్సావాళ్లు ఈ చట్రాన్ని ఉంచి లోపలి సరుకు మార్చేశారు. ప్రార్థన దేవుడి నుంచి మనుషుల వైపు తిరిగింది. ఆడవాళ్లను ఆటపట్టించే భాగం పోయింది. కథలోకి బడి, బావి, అప్పు, సారా వచ్చాయి. నాసిక్ జిల్లా ఈ పనికి గట్టి స్థావరం. 1930 మార్చి 2న కాలారాం గుడి సత్యాగ్రహం మొదలైంది అక్కడే, హిందువుగా పుట్టాను కానీ హిందువుగా చావను అని 1935లో బాబాసాహెబ్ ప్రకటించిన యేవలా ఉన్నదీ ఆ జిల్లాలోనే. ఆ రోజుల్లో జిల్లా అంతా తిరిగిన జల్సా దళం భీమ్‌రావ్ కర్డక్‌ది. ఇంటిపేరు ఒకటే కదా అని మన వామన్‌దాదాతో కలిపేయకండి, ఆయన వేరు, ముందు తరం మనిషి. తన పది సభలు కర్డక్ జల్సా ఒక్కదానికి సమానం అని బాబాసాహెబ్ అన్నారని మరాఠీ దళితులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడే ఇంకొక ఉదంతం కూడా చెబుతారు. పఠ్ఠే బాపురావ్ పేరుమోసిన లావణి కవి. అసలు పేరు శ్రీధర్ కులకర్ణి, పుట్టుకతో బ్రాహ్మణుడు. ఆయన తమాషాకు పేరు తెచ్చిన కళాకారిణి పవళా, మహర్ స్త్రీ. తమాషా ఆడి వచ్చిన డబ్బు ఉద్యమానికి ఇస్తానని బాపురావ్ వస్తే, మహర్ ఆడవాళ్లను ఆడించి సంపాదించిన సొమ్ము తమకు వద్దని బాబాసాహెబ్ తిప్పి పంపారట. ఈ ఉదంతాన్ని మనం ఆత్మగౌరవం పాఠంగా చెప్పుకుంటాం. నిజమే. కానీ దాని రెండో వైపు కూడా చూడాలి. పాటకు, ఆటకు వచ్చే డబ్బులో మురికి డబ్బు ఉందని ఉద్యమం ఆ రోజు తేల్చింది. మరి శుభ్రమైన డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? దానికి జవాబు ఆ రోజు ఎవరి దగ్గరా లేదు. తిప్పి పంపిన తర్వాత పవళా ఏం తిన్నదో కూడా ఆ కథలో ఉండదు.

వామన్‌దాదా పని జీవితం ఈ జవాబు లేని చోట గడిచింది. మహారాష్ట్రలో ఆయన పాట చేరని మూల లేదు. ఖాందేశ్, విదర్భ, 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మరాఠ్వాడా. ఈ పనికి ఒక క్యాలెండర్ ఉంటుంది. ఏప్రిల్ 14 జయంతి. అది ఆ ఒక్క రోజుతో అయిపోదు, ఒక్కో బస్తీ ఒక్కో రోజు చేసుకుంటుంది కాబట్టి నెలంతా నడుస్తుంది. వెంటనే బుద్ధ పూర్ణిమ. విజయదశమికి నాగపూర్ దీక్షాభూమి, 1956 అక్టోబర్ 14 దీక్ష జ్ఞాపకం. డిసెంబర్ 6న దాదర్ చైత్యభూమి. జనవరి 1న భీమా కోరేగావ్. మధ్యలో పెళ్లిళ్లు, విహారాల ప్రారంభాలు, విగ్రహావిష్కరణలు. వానాకాలంలో ఆరుబయట కార్యక్రమాలు ఉండవు. పొలం కూలికి ఏ నెలల్లో పని దొరకదో తిరిగే గాయకుడికీ ఇంచుమించు ఆ నెలల్లోనే పొయ్యి ఆరుతుంది.

కార్యక్రమం రాత్రి మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. కూలీల సభ పగలు ఎలా జరుగుతుంది? పని నుంచి వచ్చి, వంట చేసుకుని, తిని, పిల్లలను ఎత్తుకుని వస్తారు. కొన్నిచోట్ల ఇద్దరు గాయకుల మధ్య కవ్వాలీ పోటీ పెడతారు. ఒకరు ప్రశ్న వేస్తే ఇంకొకరు అక్కడికక్కడ జవాబు కట్టాలి. కట్టలేనివాడు నవ్వులపాలు. తెల్లారాక బస్తీలో ఎవరో ఒకరి ఇంట్లో చాయ్, రొట్టె, ఆ ఇంటి చాప మీదే పడక, మధ్యాహ్నం ఎర్ర బస్సెక్కి ఇంకో ఊరు. ఆ చాప మీదే కొత్త పాట పుడుతుంది, ఎందుకంటే వచ్చే ఊరివాళ్లు మా ఊరి గొడవ మీద ఒకటి కట్టు దాదా అంటారు. పాడటం ఒక పని, కట్టడం ఇంకో పని, తిరగడం మూడో పని. మూడింటికీ కలిపి ఇచ్చే దాన్ని ‘మానధన్’ అంటారు. మన గౌరవ వేతనం లాంటి మాట. గౌరవం ముందు వస్తుంది, వేతనం చందా పుస్తకంలో ఎంత మిగిలితే అంత. కూలి అయితే అడగొచ్చు. గౌరవాన్ని ఎలా అడుగుతాం?

బస్తీ జనం పిసినారులు అనడం లేదు. వాళ్ల దగ్గర ఉన్నదే అంత. రోజు కూలీలు రూపాయి రూపాయి వేసుకుని పిలిచారు, తమ గిన్నెలోంచి తీసి పెట్టారు. ఒక మనిషిని ఇన్నేళ్లు పోషించింది ఏ ప్రభుత్వ అకాడమీయో కాదు, ఆ గిన్నెలే. అయినా ఒక్క రోజు ఆతిథ్యం వేరు, ముసలితనానికి ఆసరా వేరు.

ఆయన గొంతు దాటి పాట బయటికి పోయిన దారి ఇంకా ఆసక్తికరం. మొదట చిన్న పుస్తకాలు. పాతిక ముప్పై పేజీలు, పలచటి కాగితం, చైత్యభూమి దగ్గర, నాగపూర్‌లో నేల మీద పరిచి అమ్మేవి. తర్వాత 1980లలో క్యాసెట్. పాట ఒకరిది, గొంతు ఒకరిది, డబ్బు కంపెనీది. ఆ కాలపు పెద్ద గొంతుల్లో ఒకరు ప్రహ్లాద్ శిందే. ఆయన భీమ్ పాటలూ పాడారు, పండరిపురం విఠోబా భక్తి పాటలూ పాడారు. ఆ భక్తి పాటలు మహారాష్ట్రలో ఇంటింటా మోగాయి. బౌద్ధులై ఉండి విఠోబాను పాడటం ఏమిటని ఇలాంటి గాయకులను వెక్కిరించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను వెక్కిరించను. ఆ గొంతుకు ఏడాది పొడవునా పని ఇచ్చింది విఠోబా క్యాసెట్టే అయితే, అడగాల్సిన ప్రశ్న గాయకుడిని కాదు.

చివరి చరణంలో పేరు దగ్గరికి మళ్లీ వస్తాను. నోటి పాటకు ఆ పేరే హక్కు పత్రం. ఎవరు పాడినా, ఎక్కడ పాడినా, పాట పూర్తయ్యే సరికి కట్టినవాడి పేరు చెప్పక తప్పదు. దొంగిలించాలన్నా పేరు తీసేస్తే ప్రాస చెడుతుంది. తెలివైన ఏర్పాటు. కానీ పాట మొత్తం పాడితేనే అది పనిచేస్తుంది. నిడివి తగ్గించాల్సి వస్తే ముందు కోసేది చివరి చరణాన్నే. ఇప్పుడు జయంతి ఊరేగింపు డీజే బండ్ల మీద పల్లవి ఒక్కటే తిప్పి తిప్పి మోగుతుంది, చివరి చరణం దాకా ఎవరూ పోరు. ‘వామన్’ అనే మాట వినకుండానే వామన్ పాటకు ఎగిరే తరం వచ్చింది.

ఆయన మొదటి పుస్తకం ‘వాట్‌చాల్’ 1973లో వచ్చింది, అంటే నడిచిన దారి. 1976లో ‘మోహళ్’, తేనెపట్టు. 1977లో వచ్చిన దానికి పెట్టిన పేరు ‘హే గీత్ వామనాచే’. తెలుగులో చెప్పాలంటే, ఈ పాట వామన్‌ది. ముప్పై ఏళ్లకు పైగా పాటలు కట్టి, అవి తన పేరు లేకుండా ఊళ్లు దాటిపోవడం చూసిన మనిషి తన పుస్తకానికి ఆ పేరు ఎందుకు పెట్టుకున్నాడో వేరే వివరణ కావాలా? దేశ సంపదలో మా వాటా ఏదని పెట్టుబడిదారులను పేరుపేరునా అడిగే పాట ఒకటి ఆయనది చాలా ప్రసిద్ధం. వాటా గురించి పాడినవాడికి తన వాటా తెలియకుండా ఉంటుందా?

ఆ పేరు గురించే ఇంకో మాట. ఫూలే ‘గులాంగిరి’లో బలిరాజును మోసం చేసి నేలలోకి తొక్కిన వామనుడు బ్రాహ్మణ ఆక్రమణకు గుర్తు. చూడండి, బలిరాజు జనంలోనే పుట్టిన ఒకడికి ఇంట్లోవాళ్లు అదే పేరు పెట్టుకున్నారు. ఆ పేరుతోనే ఆయన జీవితాంతం బలి జనం పాట పాడాడు.

మన దగ్గర చూద్దాం. డక్కలివాళ్లు కిన్నెర పట్టుకుని మాదిగ ఇళ్ల ముందు జాంబపురాణం చెబుతారు. చిందువాళ్లు యక్షగానం ఆడతారు. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద మిరాశీ హక్కు. ఆ ఊరి మాదిగలు వాళ్లకు ఇవ్వాల్సిన దాన్ని త్యాగం అంటారు. ఇవ్వకపోతే అడిగి తీసుకునే హక్కు వాళ్లకుంది. ఆశ్రిత కులం అనే అవమానం అందులో ఉంది, పుట్టుకతో వచ్చిన బంధనం ఉంది. అవి పోవాలి. కానీ దానిలో ఒకటి స్పష్టంగా ఉంది: పాడినవాడికి బాకీ ఉంటుంది, ఆ బాకీకి ఒక పేరు ఉంటుంది. ఉద్యమం పాటను కులవృత్తి నుంచి విడిపించింది. 1994లో ఈదుమూడి నుంచి లేచిన దండోరా, వెట్టిగా మోగిన డప్పును పోరాట జెండా చేసింది. అది చిన్న విజయం కాదు. అయితే పాత బాకీని రద్దు చేసినప్పుడు దాని స్థానంలో కొత్త కూలి రేటు రాయలేదు. ఆ ఖాళీని కొన్నాళ్లు పార్టీలు నింపాయి. బ్యాంకు ఉద్యోగం వదిలిన గద్దర్‌కు జననాట్యమండలి వెనక ఒక పార్టీ ఉంది. బొంబాయిలో అన్నాభావు సాఠే, అమర్ షేఖ్, గవాణ్కర్‌లకు 1944లో మొదలైన లాల్ బావటా కళాపథక్ ఉంది. వామన్‌దాదా వెనక ఉన్నది బస్తీ ఒక్కటే.

ఈ వ్యాసం చదివే విద్యార్థి సంఘాల మిత్రులు జయంతి సభ ఖర్చు కాగితం ఒకసారి తీసి చూడండి. టెంటుకు రేటు ఉంది, మైకు సెట్టుకు ఉంది, ఫ్లెక్సీకి అడుగు లెక్కన ఉంది, కుర్చీకి ఇంత అని ఉంది. వీళ్లకు అడ్వాన్సు కూడా ఇస్తాం. కళాకారుల వరస దగ్గర ‘మనోళ్లే’ అని ఉంటుంది. వాళ్లకు బస్సు ఛార్జీ, భోజనం, ఒక శాలువా. పది సభలు ఒక జల్సాకు సమానం అనే మాట మాత్రం వేదిక మీద తప్పకుండా చెబుతాం. ఆ లెక్క నమ్మేవాళ్లమైతే వక్తకు వేసిన ఏసీ టికెట్ గాయకుడికి వేయాలి. పాడేవాళ్లు కూడా రేటు చెప్పడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. రేటు చెప్పినంత మాత్రాన పాట అమ్ముడుపోయినట్టు కాదు. మిల్లులో కూలి పెంచమని సమ్మె చేసిన కార్మికుడిని అమ్ముడుపోయాడని ఎవరూ అనలేదే.

ఈ పని మనిషిని ఎక్కడిదాకా లాక్కెళ్తుందో చెప్పడానికి విఠల్ ఉమప్ చాలు. అదే బొంబాయి నుంచి లేచిన అంబేడ్కరీ శాహీర్. డెబ్భై తొమ్మిదేళ్ల వయసులో, 2010 నవంబర్ 26న, నాగపూర్ దీక్షాభూమి వేదిక మీదే కుప్పకూలి చనిపోయారు. వేదిక మీద పోయాడు, ధన్యుడు అన్నారు చాలామంది. డెబ్భై తొమ్మిదేళ్లకు మనిషి ఇంట్లో కూర్చునే వీలు కూడా ఉండాలి.

వామన్‌దాదా ఆత్మకథ 1996లో వచ్చింది. దాని పేరుకు అర్థం నా బతుకు పాట. 2004 మే 15న నాసిక్‌లో కన్నుమూశారు. ప్రహ్లాద్ శిందే పోయిందీ ఆ ఏడాదే. ఆదిలాబాద్ వైపు మిత్రులు ఉంటే, జయంతి రోజుల్లో మీ దగ్గర మోగే మరాఠీ భీమ్ పాటలను చివరిదాకా వినండి. ఆఖరి చరణంలో ఆయన పేరు వస్తే కింద రాయండి, ఏ పాటో, ఎవరు పాడారో కూడా. ఊరి పేరుతో సహా పోగుచేద్దాం.

వచ్చే భాగం విలాస్ ఘోగ్రే గురించి. 1997 జూలైలో రమాబాయి నగర్ కాల్పుల వారం నుంచి మొదలుపెడతాను.

జై భీమ్.